నిలబడినంత మాత్రాన నిజమవుతుందా?

"ఎన్ని కష్టాలొచ్చినా ఆయన విశ్వాసం చెక్కు చెదరలేదండీ!"

ఈ మాట వినని తెలుగువాడు ఉండడు. సువార్త సభల్లో వింటాం, మరణ వార్తల్లో చదువుతాం, పెళ్లి విందులో పక్కన కూర్చున్నాయన చెప్తాడు. చెప్పేవాళ్లు దీన్ని ఒక రుజువుగా చెప్తారు. ఆస్తి పోయింది, ఆరోగ్యం పోయింది, అయినా నమ్మకం పోలేదు, కాబట్టి ఆ నమ్మకంలో ఏదో నిజం ఉంది అని. ఆ 'కాబట్టి' దగ్గరే నాకు పేచీ. ఒక మనిషి కష్టాల్లో నిలబడ్డాడంటే ఆ మనిషి గట్టివాడని తెలుస్తుంది. ఆయన నమ్మినది నిజమని ఎలా తెలుస్తుంది?

ముందే ఒక మాట. ఇది క్రైస్తవుల మీద మాత్రమే రాస్తున్నానని కొందరు సంబరపడొచ్చు. వాళ్లు అంత తొందరపడనక్కర్లేదు. మా అమ్మ ఏడుకొండలవాడికి మొక్కిన మొక్కుల లెక్క కూడా ఇదే పద్దులోకి వస్తుంది. కాకపోతే ఇవాళ చెప్పదలుచుకున్న మనిషి క్రైస్తవుడు.

కలకత్తాలో ఉద్యోగం వెలగబెట్టిన రోజుల్లో భవానీపూర్‌లో ఉండేవాణ్ణి. జదుబాబు బజారుకి నాలుగడుగుల దూరంలో ఒక పాత మేడ, రెండో అంతస్తు, వానాకాలంలో గోడలు చెమ్మ పట్టే గది. కింద వాటాలో ఆకివీడు వైపు మనిషి ఒకాయన ఉండేవాడు. పేరెందుకు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి కాబట్టి అన్న అనే అందాం. హౌరా చేపల మార్కెట్లో పని. మన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తా వస్తాయని మీకు తెలిసే ఉంటుంది. బెంగాలీల పళ్లెంలోకి పోయే చేపలో మన కృష్ణా, పశ్చిమ గోదావరి చేప చాలా ఉంటుంది. అన్న ముందు ఒక కమీషన్ ఏజెంటు దగ్గర గుమస్తా. తర్వాత సొంతంగా మొదలుపెట్టాడు. చెరువులవాళ్లకి ముందే అడ్వాన్సులిచ్చి సరుకు తనకే వచ్చేలా చూసుకోవడం ఆ వ్యాపారంలో కిటుకు. ఇచ్చాడు. అప్పు తెచ్చి ఇచ్చాడు.

2006లో 'ఆపరేషన్ కొల్లేరు' వచ్చింది. 1999 నాటి జీవో ప్రకారం అయిదో కాంటూరు లోపల ఉన్నదంతా అభయారణ్యం కనక, అందులోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అన్న అడ్వాన్సు ఇచ్చిన చెరువులు ఆ లోపలివే. గట్టు తెగితే చేప కొల్లేట్లోకి పోయింది, డబ్బు గాల్లోకి పోయింది. చెరువు యజమాని కూడా మునిగాడు కనక అతన్ని అడిగీ లాభం లేదు. ఆ ఏడే వదినకి గర్భసంచి ఆపరేషన్ అయింది. మెడలో ఉన్నది, చేతికి ఉన్నది అమ్మేశారు.

ఒక ఆదివారం సాయంత్రం, ఎవరో తెలుగువాళ్ల డాబా మీద కూటం పెట్టుకున్నారు, రమ్మన్నాడు. వెళ్లాను. మేం హేతువాదులం సాధారణంగా ఇలాంటి చోటికి వాదించడానికే వెళ్తాం. నేనూ ఆ బుద్ధితోనే వెళ్లాను, అబద్ధం చెప్పను. అన్న లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడు తనని శోధించాడనీ, యోబుని శోధించినట్టే తననీ శోధించాడనీ, అయినా ఒక్క నెల కూడా దశమభాగం ఎగ్గొట్టలేదనీ, కృప చొప్పున ఇంకా నిలబడే ఉన్నాననీ. అందరూ స్తోత్రం అన్నారు. వదిన కళ్లు తుడుచుకుంది.

నేను మెట్లు దిగుతూ అడిగాను. "అన్నా, నీకు ఇప్పుడు ఆదాయమే లేదు కదా, దశమభాగం దేంట్లోంచి తీశావు?"

"అప్పు తెచ్చిన దాంట్లోంచి."

"అప్పు ఆదాయమా?"

ఆయన నవ్వాడు. "నువ్వు లెక్కలోడివి బాబూ" అన్నాడు.

అప్పుగా తెచ్చిన పదివేలలో వెయ్యి కానుక పెట్టెలోకి పోతే, ఆ వెయ్యికి వడ్డీ ఎవరు కట్టాలి? నూటికి మూడు రూపాయల వడ్డీ. దేవుడి వాటాకి వడ్డీ మనిషి కట్టాడు. ఈ సంగతి ఆ కూటం పెద్దకి తెలుసు. తెలిసీ వద్దనలేదు సరికదా, ఇవ్వడం మానితే దీవెన ఆగుతుందన్నాడట. దీన్ని నేను మోసం అనే అంటాను. నవ్వుతూ, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తూ చేసినా మోసమే.

దశమభాగం విషయంలో ఒక తమాషా ఉంది. దేవుణ్ణి పరీక్షించకూడదని బైబిల్లో ఉంది, ద్వితీయోపదేశకాండంలో. కానీ మలాకీ గ్రంథం మూడో అధ్యాయంలో దేవుడే స్వయంగా, పదో వంతు తెచ్చి ఇచ్చి నన్ను పరీక్షించి చూడండి, ఆకాశపు వాకిళ్లు తెరుస్తానో లేదో అన్న అర్థం వచ్చే మాట అంటాడు. అంటే మొత్తం గ్రంథంలో పరీక్షకి ఒప్పుకున్న చోటు డబ్బిచ్చే చోటు! సరే, పరీక్షించాం అనుకోండి. అన్న పరీక్షించాడు, పద్దెనిమిది నెలలు. వాకిళ్లు తెరుచుకోలేదు. మామూలు పరీక్ష అయితే ఫలితం రాసుకుని కాగితం మడిచేస్తాం. ఇక్కడ అలా కాదు. తెరుచుకుంటే దీవెన, తెరుచుకోకపోతే శోధన. డబ్బొస్తే ఆయన మహిమ, పోతే ఆయన ప్రణాళిక. ఏది జరిగినా ఓడిపోని మాట నిజంగా ఏమీ చెప్పని మాట. రేపు వాన పడుతుంది లేదా పడదు అని చెప్పే జ్యోతిష్కుణ్ణి మనం ఏమంటాం?

యోబు కథ సంగతి కూడా చూద్దాం. కష్టాల్లో ఉన్న ప్రతి విశ్వాసికీ ముందు చేతికిచ్చేది ఆ కథే. ఏడు వేల గొర్రెలు, మూడు వేల ఒంటెలు, అయిదు వందల జతల ఎడ్లు, అయిదు వందల గాడిదలు, ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. అన్నీ పోతాయి. ఎందుకు పోతాయి? యోబు తప్పు చేసినందుకు కాదు. సాతాను సవాలు విసిరితే దేవుడు సరే అన్నాడు కనక. చివర్లో పశువులన్నీ రెట్టింపు అవుతాయి: పద్నాలుగు వేల గొర్రెలు, ఆరు వేల ఒంటెలు, అలా. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురు, ముగ్గురు. కొత్తవాళ్లు. ఇల్లు కూలి చచ్చిపోయిన మొదటి పదిమంది సంగతేమిటి? నౌకర్ల సంగతేమిటి? వాళ్ల విశ్వాసాన్ని ఎవరు పరీక్షించారు? ఈ ప్రశ్న అడిగితే, అది కావ్యం, అలా చదవకూడదు అంటారు. నాకు కావ్యంగా చాలా ఇష్టం కూడా. మనిషి దేవుణ్ణి నిలదీసే పద్యాలు అంత బాగా మరోచోట లేవు. కానీ అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నవాడికి దాన్ని కావ్యంగా ఇవ్వట్లేదు కదా, హామీపత్రంగా ఇస్తున్నారు.

భవానీపూర్ అన్నాను కాబట్టి ఆ ఊరికి ఈ విషయంతో ఉన్న పాత సంబంధం చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో లండన్ మిషనరీ సొసైటీకి భవానీపూర్ ఒక పెద్ద స్థావరం. అక్కడ పనిచేసిన లక్రోయ్ అనే మిషనరీ కూతురు హానా కేథరిన్ ముల్లెన్స్. కలకత్తాలోనే పుట్టింది, బెంగాలీ తల్లిభాషలా వచ్చు. 1852లో 'ఫూల్‌మణి ఓ కరుణార్ బిబరణ్' అనే పుస్తకం రాసింది. బెంగాలీలో మొదటి నవల ఇదేనా అని ఇప్పటికీ వాదించుకుంటారు. దీని మలయాళ అనువాదం 1858లో వచ్చింది, అక్కడా అదే వాదన. కథ ఇద్దరు బెంగాలీ క్రైస్తవ ఆడవాళ్లది. ఫూల్‌మణికి భక్తి ఉంది, ఇల్లు అద్దంలా ఉంటుంది, పిల్లలు బుద్ధిమంతులు. కరుణ పేరుకే క్రైస్తవురాలు, ఇల్లు మురికి, మొగుడు తాగుబోతు, చేతిలో కాణీ ఉండదు. కొడుకు పోయిన దుఃఖంలో కరుణ మారుతుంది, ఆమె సంసారమూ దారిలో పడుతుంది.

చదివితే మనసు నొచ్చుకోకుండా ఉండదు, రచయిత్రి కరుణని చూసిన తీరులో నిజంగా జాలి ఉంది. కానీ లెక్క గమనించారా? భక్తి ఉన్న ఇంట్లో శుభ్రం, ఒద్దిక. భక్తి లేని ఇంట్లో అప్పు, తాగుడు. పేదరికానికి కారణం విశ్వాసం చాలకపోవడం. మా అన్నకి ఆ డాబా మీద వినిపించింది కూడా, కొంచెం మెత్తగా, ఇదే. నూట యాభై ఏళ్ల తర్వాత, అదే పేటలో. తాగుబోతు మొగుడి జీతం ఎంత, ఎవరి దగ్గర పనిచేస్తాడు, కూలి ఎంతిస్తారు అన్నది ఆ లెక్కలో అంత ముఖ్యం కాదు. కొల్లేరు కాంటూరు ఎంత అన్నది ఈ లెక్కలో ముఖ్యం కానట్టే.

ఆ కాలపు కలకత్తాలో విశ్వాసం కోసం నిజంగా ఆస్తి పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల కథలు చెప్పుకుంటే మన వాదం బలహీనపడుతుందని హేతువాదులు దాచిపెట్టడం నేను చూశాను. నాకా భయం లేదు. జ్ఞానేంద్రమోహన్ టాగోర్ సంగతి తీసుకోండి. ప్రసన్నకుమార్ టాగోర్ అంటే కలకత్తాలో పెద్ద జమీందారు, పెద్ద ప్లీడరు. ఆయన ఒక్కగానొక్క కొడుకు జ్ఞానేంద్రమోహన్. 1851లో కొడుకు క్రైస్తవుడయ్యాడు, కృష్ణమోహన్ బెనర్జీ కూతుర్ని పెళ్లాడాడు. తండ్రి కాలదన్నాడు. ఇతను ఇంగ్లండు పోయి 1862లో బారిస్టరయ్యాడు, భారతీయుల్లో మొట్టమొదటివాడు. తండ్రి 1868లో చనిపోతూ ఆస్తంతా వీలునామాలో అన్న కొడుకు జతీంద్రమోహన్ వైపు మళ్లించాడు. కేసు ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది, 1872లో తీర్పొచ్చింది. ఇంకా పుట్టనివాళ్లకి ఆస్తి రాయడం చెల్లదు, జతీంద్రమోహన్ బతికున్నంత కాలం అనుభవించడం మాత్రం చెల్లుతుంది, ఆ తర్వాతే వారసుడి హక్కు అన్నారు. జ్ఞానేంద్రమోహన్ 1890లో ఇంగ్లండులోనే పోయాడు. జతీంద్రమోహన్ 1908 దాకా బతికాడు. మనిషి గెలిచిన కేసులో ఆస్తి చేతికి రాకుండానే కాలం చేశాడు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి తెలుసుకోవాలి. 1850లో 21వ చట్టం వచ్చింది. మతం వదిలినందుకు, కులం నుంచి వెలివేసినందుకు ఎవరి వారసత్వ హక్కూ పోకూడదని. మిషనరీలకి మేలు చేయడానికే తెచ్చారని కలకత్తాలోనూ మద్రాసులోనూ హిందువులు అర్జీలు పెట్టారు. కానీ ఆ చట్టంలో మాటలు చూడండి: మతం మారడం అని లేదు, మతాన్ని త్యజించడం అని ఉంది. అంటే ఏ మతమూ లేకుండా పోయినవాడికి కూడా అది రక్షణే. మన దేశంలో నాస్తికుడి ఆస్తిహక్కుకి మొదటి గొడుగు పట్టిన చట్టం మతం మారినవాళ్ల పుణ్యమా అని వచ్చింది. మరి జ్ఞానేంద్రమోహన్‌కి ఎందుకు పనికిరాలేదు? బెంగాల్లో దాయభాగం. అక్కడ కొడుక్కి పుట్టుకతో హక్కు లేదు, తండ్రి ఎవరికి కావాలంటే వాళ్లకి వీలునామా రాయొచ్చు. మన వైపు మితాక్షరం కాబట్టి పిత్రార్జితంలో అలా కుదిరేది కాదు. అదే విశ్వాసం, అదే త్యాగం, గోదావరి ఒడ్డున అయితే ఒక ఫలితం, హుగ్లీ ఒడ్డున అయితే ఇంకో ఫలితం. దీంట్లో దేవుడి పాత్ర ఎంత, ధర్మశాస్త్ర వ్యాఖ్యాతల పాత్ర ఎంత?

జ్ఞానేంద్రమోహన్ మామగారు కృష్ణమోహన్ కథ ఇంకా బాగుంటుంది. ఆయన మొదట డెరోజియో శిష్యుల గుంపులోవాడు, మన భాషలో చెప్పాలంటే హేతువాది. 1831లో ఆయన ఇంట్లో లేనప్పుడు స్నేహితులు గొడ్డుమాంసం తిని ఎముకలు పక్కింటి బ్రాహ్మడి లోగిట్లో పారేశారు. ఇంట్లోంచి గెంటేశారు. మరుసటేడు బాప్తిస్మం తీసుకున్నాడు. అంటే ఒకే మనిషి ముందు అవిశ్వాసం వల్ల ఇల్లు పోగొట్టుకున్నాడు, తర్వాత విశ్వాసం వల్ల వెలి అయ్యాడు. రెండుసార్లూ నిలబడ్డాడు. ఏది రుజువైనట్టు?

మైకేల్ మధుసూదన్ దత్తు సంగతి మీకు తెలుసు. 1843లో మారాడు, తండ్రి డబ్బు ఆపేశాడు, మద్రాసులో బడిపంతులుగా బతికాడు, ఫ్రాన్సులో భార్యాపిల్లలతో అప్పుల్లో కూరుకుపోయినప్పుడు ఆదుకోమని రాసింది ఏ బిషప్పుకీ కాదు, ఈశ్వరచంద్ర విద్యాసాగరుడికి. ఆయన తనే అప్పుచేసి పంపాడు. విద్యాసాగరుడు పూజలూ పునస్కారాల జోలికి పెద్దగా పోయేవాడు కాదని పేరు. 1873 జూన్‌లో భార్య పోయిన మూడు రోజులకి ఆసుపత్రిలో మైకేల్ పోతే, ఆయన్ని తమ శ్మశానంలో పూడ్చడానికి చర్చి పెద్దలు తటపటాయించారు కూడా.

ఇక మన వైపు చూస్తే గోరా. గోపరాజు రామచంద్రరావు. జంధ్యం తీసేసినందుకు ఇంట్లోంచి పొమ్మన్నారు. నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కాలేజీలో చేరితే అదీ నిలవలేదు. 1940లో భార్యాపిల్లల్ని తీసుకుని ముదునూరు పోయి నాస్తిక కేంద్రం పెట్టాడు. ఆ సంసారానికి నెల జీతం లేదు, పిత్రార్జితం లేదు. అయినా 1975లో చనిపోయేదాకా మాట మార్చలేదు. నిలబడడమే రుజువైతే, గోరా నిలబడ్డాడు కాబట్టి దేవుడు లేడని తేలిపోయిందా? తేలలేదు. నేను నాస్తికుణ్ణే అయినా అలా అనను. గోరా పట్టుదల గోరా గురించి చెప్తుంది. దేవుడు లేడనడానికి నా దగ్గర వేరే కారణాలున్నాయి. మన ఉపన్యాసాల్లో గోరా ఉద్యోగం పోయిన కథ చెప్పి చప్పట్లు కొట్టించుకునేటప్పుడు, మనం కూడా ఆ డాబా మీద సాక్ష్యం చెప్తున్నట్టే లెక్క. ఈ ముక్క నచ్చనివాళ్లు మన సంఘంలో చాలామంది ఉన్నారని తెలుసు.

భవానీపూర్‌లో నేతాజీ భవన్ స్టేషన్ నుంచి మెట్రోలో రెండో స్టేషన్ కాళీఘాట్. గుడి పక్కనే 1952లో మదర్ తెరెసా పెట్టిన నిర్మల్ హృదయ్. ఆమె చనిపోయిన పదేళ్లకి, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దాదాపు యాభై ఏళ్లు ఆమెకి ప్రార్థనలో దేవుడు ఉన్న జాడ తెలియలేదట, లోపల అంతా చీకటేనట. ఒక మామూలు మనిషి, నేను యాభై ఏళ్లు ఫోను చేశాను, అవతల ఎవరూ ఎత్తలేదు అంటే, ఆ నంబరు ఉందో లేదో చూసుకోమంటాం. ఆమె విషయంలో ఏమైంది? ఆ చీకటే పవిత్రతకి గుర్తు అన్నారు. 2016లో పునీతను చేశారు. దేవుడు పలికితే రుజువు, పలకకపోతే ఇంకా పెద్ద రుజువు! నాకు ఆ ఉత్తరాలు రాసిన ఆడమనిషి మీద కోపం రాదు. ఆవిడ మనసు విప్పింది. ఆ మనసుని మళ్లీ మూసి ముద్ర వేసినవాళ్ల మీదే నా ఫిర్యాదు.

ఇంకో సంగతి. సాక్ష్యాల్లో వినిపించేది మిగిలినవాళ్ల గొంతే. ఓడ మునిగినా బతికి బయటపడ్డవాళ్లు గుడిలో పెట్టిన చిత్రపటాలు చూపిస్తే, మొక్కుకుని మునిగిపోయినవాళ్ల పటాలేవీ అని డయాగొరస్ అనే పాతకాలపు గ్రీకు నాస్తికుడు అడిగాడట. అన్నతో పాటు కొల్లేట్లో డబ్బు పోగొట్టుకుని, నమ్మకమూ పోగొట్టుకుని, ఆదివారం ఇంట్లో తలుపేసుకుని పడుకున్నవాడు ఎక్కడో ఒకడు ఉండే ఉంటాడు. వాడికి మైకు ఎవరిస్తారు?

ఇక్కడిదాకా వాదంలో నేనే గెలిచాను. అన్నతో కూడా చాలాసార్లు గెలిచాను. ఇప్పుడు గెలవని సంగతి చెప్తాను.

వదిన ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ ఆమె పక్కన రాత్రిళ్లు కూర్చున్నది ఆ కూటం ఆడవాళ్లు. వంతులు వేసుకున్నారు. ఇంటికి బియ్యం వచ్చింది, పప్పు వచ్చింది, రక్తం ఇచ్చింది ఒక కుర్రాడు. నేను రెండుసార్లు వెళ్లి పళ్లు ఇచ్చి వచ్చాను. ఒకసారి ఆ మంచం పక్కనే ప్రార్థన వల్ల కుట్లు మానవు అని కూడా అన్నాను. నిజమే, మానవు. కానీ అర్ధరాత్రి నీళ్లిచ్చేవాళ్లు ఉండాలి కదా. మన సంఘంలో ఒక సభ్యుడికి వ్యాపారం మునిగితే ఎవరు వస్తారు? కరపత్రం వస్తుంది. అన్న ఆ గుంపుని వదలకపోవడానికి కారణం మలాకీ మూడో అధ్యాయం కాదనీ, ఆ తొమ్మిది రాత్రులనీ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. దశమభాగం విషయంలో కూటం పెద్ద చేసిన మోసం దీనివల్ల చిన్నదైపోదు. రెండూ ఒకే చోట జరిగాయి, అంతే.

మన వాళ్లు కొందరు దీన్నే బియ్యం క్రైస్తవం అని ఎగతాళి చేస్తారు. ఒంగోలు చరిత్ర చదువుకోవాలి వాళ్లు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి, మాలలకి కూలి పని ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది తీసుకున్నారు. దేవుడు నిజమని తెలుసుకుని వచ్చారా? నేననుకోవడం, తమని మనుషుల్లా చూసి, కూలి డబ్బు చేతిలో పెట్టినవాళ్ల దగ్గరకి వచ్చారు. అది తప్పెలా అవుతుంది? అగ్రహారం అరుగు మీద కూర్చుని వేదాంతం వల్ల మతంలో నిలిచామని చెప్పుకునేవాడు ఆ రోజు వాళ్లకి గంజి పోశాడా?

ఆ వచ్చినవాళ్ల మునిమనవల మీదే ఇప్పటికీ జరిమానా పడుతోంది. అన్న కథలో అసలు 'శోధన' అదే. ఆయన కూతురు ఇంటరు పూర్తిచేసింది, ఇంజనీరింగు సీటు కావాలి, స్కాలర్‌షిప్పు కావాలి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలూ వాళ్ల సంతానమూ బీసీ-సి, ఒక్క శాతం. పదిహేను శాతం ఎక్కడ, ఒక శాతం ఎక్కడ! ఊళ్లో చాలామంది ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఆదివారం చర్చికి పోతారు, సర్టిఫికెట్లో హిందూ అని ఉంటుంది. బంధువులు అన్నకి అదే చెప్పారు. కూటం పెద్ద కూడా, చిత్రం చూడండి, కాగితం కాగితమే, దేవుడికి హృదయం తెలుసు అన్నాడట. దశమభాగం దగ్గర ఒక్క రూపాయి తగ్గనివాడు ఇక్కడ ఎంత ఉదారంగా తగ్గాడో!

అన్న ఒప్పుకోలేదు. "నేను హిందువుని కాను బాబూ. కాని దాన్ని అవునని ఎట్టా రాసేది?" అన్నాడు.

నేను ఆ రోజు నోరెత్తలేదు. ఎందుకంటే ఇరవై ఏళ్లుగా దేవుడు లేడని ఊరూరా తిరిగి చెప్తున్న నా స్నేహితుల్లో ఎస్సీలున్నారు. వాళ్ల సర్టిఫికెట్ ఎవరూ రద్దు చేయలేదు. దేవుళ్లందర్నీ కాదన్నవాడికి పోని హక్కు, ఒక దేవుణ్ణి మార్చినవాడికి పోతుందా? అంటరానితనం గుమ్మం దగ్గర మతం కార్డు అడిగి లోపలికొస్తుందా? మన పల్లెల్లో క్రైస్తవుల శ్మశానాలే కులాలవారీగా ఉన్న చోట్లు ఎన్ని లేవు! 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసేయమంది. 2022లో ఇదే విషయం చూడమని బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, కేవలం రిజర్వేషన్ కోసం నమ్మకం లేకుండా హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవుడైన పాస్టరుకి అట్రాసిటీ చట్టం వర్తించదని కేసు కొట్టేసింది. అటు హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షన్ చూస్తే, మతం మారినవాడికి హక్కు పోదు గానీ, మారిన తర్వాత పుట్టిన పిల్లలకి హిందూ బంధువుల ఆస్తిలో హక్కు ఉండదు. 1850లో తీసిన అడ్డుకర్ర ఒక తరం తర్వాత మళ్లీ అడ్డం పెట్టారన్నమాట.

దేవుడు లేడని నేను అన్నతో వాదిస్తాను. కానీ ఆయన నమ్మకానికి రాజ్యం వేసే జరిమానాని వ్యతిరేకించేటప్పుడు ఆయన పక్కనే నిలబడాలి. ఆయన అబద్ధం రాయనన్నాడు. మనం హేతువాదులం దేనికి పేరు పెట్టుకున్నామో ఆ పని ఆయన చేశాడు, తన కూతురు సీటుని పణంగా పెట్టి. పణంగా పెట్టింది తనది కాదు, కూతురిది, అదే అందులో నన్ను ఇప్పటికీ కుదిపేసే ముక్క. ఆ పిల్లని ఎవరూ అడగలేదు. యోబు పిల్లల్ని అడగనట్టే.

ఆ పిల్ల బీఎస్సీ చదివింది. ఇప్పుడు ఒక ల్యాబులో పనిచేస్తోంది. కిందటేడు ఫోను చేసి, చర్చికి పోవడం మానేశాననీ, నాన్నకి చెప్పొద్దనీ అంది. "సర్టిఫికెట్‌లో మాత్రం మార్చలేదు అంకుల్, నాన్న కోసం అలాగే ఉంచా" అంది. అన్న ఇప్పుడు మళ్లీ హౌరాలో గుమస్తాయే. తెల్లారుజామున మూడింటికి లేస్తాడు. అప్పు ఇంకా ఉందట, ఎంతో చెప్పలేదు. దశమభాగం ఇస్తున్నావా అని నేను అడగలేదు.